జపానులో తీరిగ్గా పది రోజులు

బ్యాంకు ఉద్యోగులకు సెలవులకు లోటు లేదని లోకంలో ఒక మాట ఉంది. సెలవులున్న మాట నిజమే. వాటిని వాడుకునే వీలు చిక్కాలి గదా! ముప్పయ్యేళ్ల సర్వీసులో ఎల్‌టీసీ మీద మేం చేసిన యాత్రలన్నీ ఒకే మోస్తరుగా జరిగాయి. తెల్లవారుజామున రైలు దిగడం, ఎనిమిదింటికల్లా టూరిస్టు బస్సెక్కడం, ఒక్క రోజులో ఏడెనిమిది చోట్లు చుట్టబెట్టడం, ఇంటికొచ్చాక ఏ ఫోటోలో ఉన్నది ఏ కోటో తేల్చుకోలేక ఇంటిల్లిపాదీ వాదులాడుకోవడం. 2024 ఏప్రిల్‌లో మా దంపతులం చేసిన జపాను ప్రయాణం ఇందుకు పూర్తిగా భిన్నమైనది. పది రోజుల్లో మేం చూసింది తక్కువ. క్యోటో వెళ్లలేదు, హిరోషిమా వెళ్లలేదు, బుల్లెట్ రైలును దూరం నుంచి చూశామే గాని ఎక్కలేదు. "అంత దూరం వెళ్లి ఇవేవీ చూడలేదా?" అని బంధువులు నొచ్చుకున్నారు. మేం ఏం చూశామో, అలా ఎందుకు చూశామో చెబితే మన పాఠకుల్లో కొందరికైనా పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. తాతల కాలం నుంచీ మాది బరంపురమే. మా అమ్మ ఆరేళ్లు మంచాన ఉండి 2023 జనవరిలో కాలం చేసింది. ఆ ఆరేళ్లూ నేను బదిలీల మీద ఒకసారి కటక్‌లో, ఒకసారి రాయగడలో ఉండి శనివారం రాత్రికి ఇల్లు చేరేవాణ్ణి. అమ్మకు అన్నం తినిపించడం, మందులివ్వడం, రాత్రి పిలిస్తే లేవడం అన్నీ మా శ్రీమతే. ఆ ఆరేళ్లలో ఆవిడ ఊరి పొలిమేర దాటింది రెండే రెండుసార్లు. రెండూ పెళ్లిళ్లే, రెండుసార్లూ తాంబూలం పుచ్చుకుని ఆ రాత్రికే తిరిగి వచ్చేసింది. మనిషిని లేవదీసి కూర్చోబెట్టీ, పడుకోబెట్టీ కుడి మోకాలు అరిగిపోయింది. సంవత్సరీకాలు అయ్యాక, యోకొహామాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి ఫోను చేసి, "అమ్మా, ఈసారి పూలు చూడ్డానికి మీరిద్దరూ రావాల్సిందే" అన్నాడు.

"ఈ మోకాలితో నేనేం తిరగ్గలన్రా?" అంది ఆవిడ.

"నిన్నెవరు తిరగమన్నారమ్మా? కూర్చుందువుగాని" అన్నాడు వాడు.

మా ప్రయాణమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

మార్చి 31, పూల లెక్క

జపానులో సకురా పూలు చూడాలంటే మార్చి ఆఖరు, ఏప్రిల్ మొదలు మంచి రోజులంటారు. బ్యాంకులో పనిచేసేవాడు మార్చి ఆఖరున సెలవడగడమంటే పెళ్లి పీటల దగ్గర పురోహితుడు సెలవడిగినట్లే. పైగా 2024లో మార్చి 31 ఆదివారం వచ్చింది. అయినా ప్రభుత్వ లావాదేవీలు చూసే శాఖలు ఆరోజు తెరిచి ఉండాలని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు. ఇంక పూల మీద ఆశ వదులుకున్నాను. కాని ఆ ఏడు పూలే మా కోసం ఆగాయి. టోక్యోలో 2023లో మార్చి 14నే మొదలైన పూత, 2024లో మార్చి 29న గాని మొదలు కాలేదు.

ఈ తేదీ నిర్ణయించే పద్ధతి నాకు చాలా నచ్చింది. యసుకుని ఆలయ ఆవరణలో ఒక గుర్తు చెట్టు ఉంది. వాతావరణ శాఖ వారు రోజూ వెళ్లి దాన్ని చూస్తారు. అయిదారు పూలు విచ్చుకుంటే టోక్యోలో పూత మొదలైందని ప్రకటిస్తారు. నూటికి ఎనభై వంతులు విచ్చుకున్న రోజు నిండు పూత. ఆ ఏడు నిండు పూత ఏప్రిల్ 4న ప్రకటించారు. లెక్కలు ముగించి, 3న బయలుదేరి, భువనేశ్వరం, ఢిల్లీల మీదుగా మేం అక్కడ దిగింది ఆ 4వ తేదీనే.

ఇప్పుడు అక్కడ ఎక్కువగా కనిపించే సకురా రకానికి సోమెయి యోషినో అని పేరు. ఇది గింజ నుంచి మొలిచేది కాదు, అంటు కట్టి పెంచేది. దేశమంతటా ఉన్న ఆ చెట్లన్నీ ఒకే చెట్టుకు అంట్లన్నమాట. అందుకే ఒక ఊళ్లో ఉన్నవన్నీ కూడబలుక్కున్నట్లు ఒక్కసారే పూస్తాయి, ఒక్కసారే రాలతాయి. నిండు పూత వారం రోజులుంటే గొప్ప. కొమ్మకు ముందు పూలు, తర్వాత ఆకులు. ఆకుపచ్చ మచ్చుకైనా లేకుండా చెట్టంతా తెలుపు గులాబీల నడిమి రంగులో కనిపిస్తుంది.

జపానులో ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ 1న మొదలవుతుంది. 1886 నుంచీ ఇదే పద్ధతి. బడులు తెరిచేదీ, కొత్త ఉద్యోగులు చేరేదీ అప్పుడే. శనివారం నాడు అబ్బాయి మమ్మల్ని యోకొహామాలోని కామొన్‌యామా పార్కుకు తీసుకెళ్లాడు. చెట్ల కింద నీలం పట్టాలు పరుచుకుని కుటుంబాలకు కుటుంబాలు కూర్చుని తింటున్నాయి. దీన్ని వాళ్లు హనామి అంటారు. పూలు చూడడమని అర్థం. మన కార్తీక వనభోజనాల వంటిదే. ఒక పెద్ద పట్టా మీద కోటు, టై వేసుకున్న ఇరవై రెండేళ్ల కుర్రాడొకడు ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. ఆఫీసు వాళ్లు సాయంత్రం వస్తారనీ, చోటు పట్టి ఉంచే పని కొత్తగా చేరిన వాళ్లదనీ అబ్బాయి చెప్పాడు. నేను మా ఆవిడతో, "మా ప్రొబేషనరీ ఆఫీసరు లాంటివాడే" అన్నాను. ఆవిడ చూసి ఊరుకుంటుందా? డబ్బా తీసి ఆ అబ్బాయి చేతిలో నాలుగు చేగోడీలు పెట్టింది. అతను లేచి నిలబడి మూడుసార్లు వంగి నమస్కరించి, ఒకటి నోట్లో వేసుకుని, కరకరమన్న చప్పుడుకు తనే సిగ్గుపడ్డాడు.

తొందర లేని చోటు

జపాను వాళ్లు గడియారానికి బానిసలనీ, అక్కడ విశ్రాంతి అనే మాట ఉండదనీ వినేవాణ్ణి. నాకు అనుభవంలో తోచింది వేరు. 2017లో ఒక రైల్వే సంస్థ, తమ రైలు ఇరవై సెకన్లు ముందుగా బయలుదేరిందని ప్రయాణికులకు క్షమాపణ చెప్పిన వార్త అందరూ నవ్వుతూ చదివారు. అక్కడ నాలుగు రోజులున్నాక ఆ క్షమాపణ విలువ తెలిసింది. రైలు చెప్పిన వేళకు వస్తుందన్న నమ్మకం ఉంటే, గంట ముందు స్టేషనుకు పరుగెత్తక్కర్లేదు. ఇది తప్పితే ఎనిమిది నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. మా ఆవిడ మెట్ల దగ్గర ఆగి ఆగి దిగుతుంటే నేను "త్వరగా, త్వరగా" అనాల్సిన అవసరం ఆ పది రోజుల్లో ఒక్కసారి కూడా రాలేదు. లెక్క సరిగ్గా ఉన్న బ్యాంకులో సాయంత్రం ఆరింటికే ఇంటికి పోతాం. తేడా వచ్చిన రోజునే గదా రాత్రి పదింటి దాకా కూర్చునేది! తీరిక అనేది క్రమం లోంచే పుడుతుందని ఈ కామర్స్ పట్టభద్రుడి సిద్ధాంతం.

టోక్యోకు ఇచ్చింది ఒక్క రోజే. అందులో నా కోరిక ఒకటి తీర్చుకున్నాను. నిహోంబాషిలో బ్యాంక్ ఆఫ్ జపాన్ వారి నాణేల ప్రదర్శనశాల ఉంది. ప్రవేశం ఉచితం. బ్యాంకు పాత భవనం 1896 నాటిది. పక్క వీధిలో రెండువైపులా సకురా చెట్లే. నేను నాణేలు చూస్తుంటే మా ఆవిడ పూలు చూసింది. ఆ బ్యాంకు 2024 మార్చి 19న, అంటే మేం వెళ్లడానికి సుమారు రెండు వారాల ముందే, సున్నా కన్నా తక్కువగా ఉంచిన వడ్డీ రేటును పెంచింది. పదిహేడేళ్ల తర్వాత అక్కడ వడ్డీ పెరగడం అదే మొదలు. మేం వాడిన పదివేల యెన్ల నోటు మీద ఉన్నది విద్యావేత్త ఫుకుజావా బొమ్మ. ఆ ఏడు జూలై 3 నుంచి కొత్త నోటు మీదికి షిబుసావా ఎయిచి వచ్చాడు. ఆయన 1873లో ఆ దేశపు మొదటి ఆధునిక బ్యాంకును నెలకొల్పినవాడు. నోటు మీదికి బ్యాంకరు ఎక్కడం మా వృత్తికి గౌరవమే అనుకున్నాను. అప్పట్లో నూరు యెన్లకు మన యాభై అయిదు రూపాయలు. ఆ లెక్క నోటికి వచ్చేదాకా మా ఆవిడ కాఫీ తాగడానికి ఒప్పుకోలేదు.

పట్టు ఊరి నుంచి పట్టు రేవుకు

యోకొహామా రేవు 1859లో విదేశీ వర్తకానికి తెరుచుకుంది. ఆ రేవు నుంచి ఎక్కువగా ఎగుమతైన సరకు ముడి పట్టు. ఆ వర్తకంలో గడించిన హారా అనే ఆసామి తన తోటను 1906లో జనానికి తెరిచాడు. దాని పేరు సాంకెయిఎన్. 1457 నాటి మూడంతస్తుల పగోడాను క్యోటో వైపు నుంచి విప్పి తెచ్చి 1914లో అక్కడ గుట్ట మీద నిలబెట్టారు. కింద చెరువు, చెరువు చుట్టూ సకురా.

బరంపురం పట్టు సంగతి మన పాఠకులకు చెప్పనక్కర్లేదు. ఆ మగ్గాల మీద కూర్చున్నది మన తెలుగు దేవాంగులే. ఆ రోజు మా ఆవిడ కట్టుకున్నది మా అమ్మ చీర, గోపురాల అంచు బరంపురం పట్టు. తోటలో కిమోనోలు కట్టుకున్న ఇద్దరు పెద్దావిడలు ఎదురై ఆగిపోయారు. మాట తెలియదు. ఒకావిడ అంచు చూపించి ముట్టుకోవచ్చా అన్నట్లు సైగ చేసింది. మా ఆవిడ కొంగు చేతికిచ్చింది. ఆవిడ తన కిమోనో చెయ్యి చాపింది. ఇద్దరూ ఒకరి పట్టు ఒకరు వేళ్లతో నలిపి చూసుకుని తలలూపుకున్నారు. నాణెం అసలుదో కాదో మోగించి చూసే షరాబుల్లా ఉన్నారు ఇద్దరూ!

షడ్రుచులు

తిండి సంగతి. నేను చేపలు తింటాను, ఆవిడ శాకాహారి. జపానులో శాకాహారులకు అసలు చిక్కు చేపలతో కాదు, చేప కషాయంతో. దాషి అని ఒక చారు ఉంది. ఎండబెట్టిన చేప తురుమూ, సముద్రపు నాచూ మరిగించి తీస్తారు. పప్పుచారులో ఇంగువలాగా అది కనిపించదు గాని చాలా వంటల్లో ఉంటుంది. కూరగాయలతో చేసినదైనా అడగకుండా తినడానికి లేదు. అబ్బాయి ఒక కార్డు మీద జపానీ భాషలో "మాంసం, చేప, గుడ్డు, చేప దాషి తినను" అని రాసి ఇచ్చాడు. ఆ కార్డు పాస్‌పోర్టు కన్నా ఎక్కువసార్లు బయటికి తీశాం. చూపిస్తే ఎవరూ విసుక్కోలేదు. వీలుంటే చేసి పెట్టారు, లేకపోతే చేతులు జోడించారు. కూరగాయల టెంపురా మన బజ్జీయే. నంజుకునే పులుసులో దాషి ఉంటుంది కాబట్టి ఆవిడ ఉప్పుతో తినేది. సకురా-మోచి అని ఈ రుతువులో చేసే మిఠాయి ఉంది. లోపల ఎర్ర చిక్కుడు గింజల పూర్ణం, పైన ఉప్పులో ఊరిన సకురా ఆకు. పూర్ణం రుచి చూసి, "బొబ్బట్టు ఇక్కడిదాకా వచ్చిందండీ" అంది.

అబ్బాయి ఉండే ఇంట్లోనే కింది వాటాలో డెబ్బై దాటిన ఒకావిడ ఉంటుంది. మేం వచ్చామని తెలిసి చిన్న జాడీలో ఉమెబోషి తెచ్చి ఇచ్చింది. ఉమె అనేది రేగుపండంత పుల్లటి కాయ. ఎలా చేస్తారని మా ఆవిడ అడిగింది, అబ్బాయి దుబాసీ. జూన్‌లో కాయలు దింపి ఉప్పులో వేస్తారట. ఊట ఊరాక, జూలైలో వానలు వెలిసిన తర్వాత మూడు రోజులు ఎండబెడతారట. మా ఆవిడ ఇంకా అబ్బాయి మాట పూర్తి కాకుండానే, "మాగాయ! ఇది మాగాయే!" అని లేచి, తను తెచ్చిన మాగాయ సీసా తీసుకొచ్చింది. ఆవిడ వేలి కొసతో నాలిక మీద వేసుకుని, కళ్లు తుడుచుకుంటూ, రెండు గ్లాసుల నీళ్లు తాగి, మళ్లీ వేలు ముంచింది.

ఏప్రిల్ 9న క్రోధి నామ సంవత్సర ఉగాది. మొక్కల సంబంధమైన వస్తువులు తీసుకెళ్లడానికి జపానులో నిబంధనలు గట్టివి కనక వేపపువ్వు తీసుకెళ్లలేదు. మామిడికాయ దొరకలేదు. ఉగాది పచ్చడి లేని ఏడాది మా ఇంట్లో అమ్మ పోయిన ఏడాది ఒక్కటే. మా ఆవిడ వంటింటి గట్టు మీద ఉన్నవన్నీ వరసగా పెట్టి కాసేపు చూసింది. తీపికి ఒకినావా నల్లబెల్లం. అచ్చంగా మన చెరకు బెల్లమే. పులుపుకీ ఉప్పుకీ ఉమెబోషి. కారం అబ్బాయి సీసాలోది. చేదుకీ వగరుకీ మాచ్చా, అంటే పచ్చ తేయాకు పొడి. ఆరు రుచులూ కుదిరాయి. రంగు మాత్రం చెరువు అడుగు మట్టిలా ఉంది. అబ్బాయి కళ్లు మూసుకుని మింగి, "అమ్మా, ఏడాదంతా ఇలాగే ఉంటుందంటావా?" అన్నాడు. "ఆరోగ్యంగా ఉంటుందిలేరా" అంది ఆవిడ. ఆ రోజు పొద్దుట్నుంచీ గాలీ వానా. సాయంత్రానికి వీధంతా పూరేకులు పరిచినట్లుంది. అక్కడ పూలు రాలిన రోజు మనకు కొత్త సంవత్సరం మొదలైంది.

కామకురా

వాన వెలిసిన మర్నాడు, పదో తేదీ ఉదయం, అబ్బాయి ఆఫీసుకు వెళ్లిపోతే మేమిద్దరమే కామకురా బయలుదేరాం. యోకొహామా నుంచి రైల్లో అరగంట కూడా పట్టదు. 12వ శతాబ్దం చివరి నుంచి 1333 దాకా జపానును పాలించిన సైనిక ప్రభువుల రాజధాని ఇదే. మూడు వైపులా కొండలు, ఒక వైపు సముద్రం.

ముందుగా కంచు బుద్ధుడు. పోత పని 1252లో మొదలైంది. ఎత్తు 11 మీటర్ల పైచిలుకు, బరువు 121 టన్నులు. ఒకప్పుడు చుట్టూ మందిరం ఉండేది. 15వ శతాబ్దం చివర అది పోయాక మళ్లీ కట్టలేదు. అప్పటినుంచీ ఆయన ఎండకూ వానకూ అలాగే కూర్చుని ఉన్నాడు. మా ఒరిస్సా వాళ్లకు ధవళగిరి మీద తెల్లటి శాంతి స్తూపం పిక్నిక్కుల చోటు. 1972లో దాన్ని కట్టించిన ఫుజీ గురూజీ జపాను భిక్షువే. ఇంకో చుట్టరికం కూడా ఉంది. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండకు పేరిచ్చిన ఆచార్య నాగార్జునుణ్ణి జపాను బౌద్ధులు ర్యూజు అంటారు. ఎనిమిది శాఖలకు మూలపురుషుడని కొలుస్తారు. ఇంత దూరం వచ్చి మనవాళ్ల ఇంట్లోనే దిగినట్లు అనిపించింది.

అక్కడినుంచి టాక్సీలో జెనియరాయి బెంటెన్ గుడికి వెళ్లాం. కొండలో తొలిచిన సొరంగం లోంచి లోపలికి వెళ్తే ఒక గుహ, గుహలో ఊట. ఆ నీటిలో డబ్బు కడిగితే రెట్టింపు అవుతుందని నమ్మకం. జనం వెదురు బుట్టల్లో నాణేలూ, నోట్లూ పెట్టుకుని శ్రద్ధగా కడుగుతున్నారు. వడ్డీ సున్నా దగ్గర ఉన్న దేశంలో ఈ గుడికి రద్దీ ఉండడంలో వింతేముంది! నేను వెయ్యి యెన్ల నోటు తడిపాను. మా ఆవిడ ఆరబెడుతూ, "గడువెన్నాళ్లండీ?" అంది.

మధ్యాహ్నం ఆలయ భోజనం. షోజిన్ వంటలో చేప దాషి ఉండదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. కెంచిన్ పులుసు అని ఒకటి పెట్టారు. ముల్లంగి, కారట్, దుంపలు, టోఫు నువ్వుల నూనెలో వేయించి కాచేది. 1253లో ఇక్కడ వెలసిన కెంచోజి మఠం లోనే అది పుట్టిందని చెబుతారు. కార్డు తీయకుండా ఆవిడ కడుపునిండా తిన్నది ఆ పూటే.

సముద్రం

రెండు రాత్రులు కొషిగొయె అనే చేపల రేవు దగ్గర ఒక చిన్న బసలో ఉన్నాం. కామకురా నుంచి అక్కడికి ఎనోడెన్ అనే బుల్లి రైలు వెళుతుంది. మొత్తం దారి పది కిలోమీటర్లే, స్టేషన్లు పదిహేను. 1902లో మొదలైన లైను. ఇళ్ల పెరళ్లను రాసుకుంటూ వెళ్లి, ఒక మలుపు తిరిగేసరికి కిటికీ నిండా సముద్రం కనిపిస్తుంది. ఊళ్లో కొంత దూరం రోడ్డు మీదే, కార్ల మధ్యన నడుస్తుంది.

ఆ రాత్రి రెండింటికి మెలకువ వచ్చి చూస్తే మా ఆవిడ పక్క మీద లేచి కూర్చుని ఉంది.

"ఏమండీ, అత్తయ్య పిలిచినట్టయింది" అంది.

కిటికీ అవతల కెరటాల చప్పుడు. అమ్మ పోయి పదిహేను నెలలైంది. ఇంటి దగ్గర ఈ పదిహేను నెలలూ రాత్రిపూట ఎన్నిసార్లు అలా లేచి కూర్చుందో అప్పుడు అడిగాను. "లెక్కెక్కడ పెట్టుకుంటాం?" అంది. కాసేపు ఇద్దరం అలాగే కూర్చున్నాం. తర్వాత పడుకుంది.

మర్నాడు పొద్దున్న హాసెదెరా గుడికి వెళ్లాం. అక్కడ పదకొండు తలల కాన్నోన్ విగ్రహం ఉంది. చెక్కతో చేసి బంగారు పూత వేసినది, ఎత్తు తొమ్మిది మీటర్ల పైన. కాన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. జపానీ పేరుకు లోకం పెట్టే మొర ఆలకించేవాడని అర్థమని చదివి చెప్పాను. మా ఆవిడ తలెత్తి ఆ విగ్రహాన్ని చాలాసేపు చూసింది.

"అయితే ఈయనకూ రాత్రి నిద్ర ఉండదన్నమాట" అంది.

అక్కడినుంచి మూడు స్టేషన్ల అవతల షిచిరిగహామాలో దిగాం. ఇసుక నల్లగా ఉంటుంది. నీళ్లు చల్లన, ఈత వాళ్లు లేరు గాని రబ్బరు తొడుగులు వేసుకుని పలకల మీద కెరటాలెక్కే కుర్రాళ్లు చాలామంది. వానకు గాలి కడిగినట్లయి, బే అవతల ఎనోషిమా దీవి, దాని వెనకాల మంచు టోపీతో ఫుజి కొండ కనిపించాయి. మాకు గోపాలపూర్‌లో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడు. ఇక్కడ కొండల వెనక్కి దిగుతాడు. గట్టు మెట్ల మీద ఆవిడ కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పదకొండింటి నుంచి ఒంటి గంట దాకా మేం చేసిన పని అంతే. మొదటి పావుగంటలో ఆవిడ మూడుసార్లు చేతి గడియారం చూసుకుంది. మందుల వేళల అలవాటు. తర్వాత చూసుకోలేదు.

ఒంటి గంటకు ఆకలేసి ఒనిగిరి పొట్లం విప్పాను. ఒనిగిరి అంటే లోపల ఉమెబోషి పెట్టి నాచు ఆకు చుట్టిన అన్నం ముద్ద. గద్దలతో జాగ్రత్త అని అక్కడ బోర్డులు ఉంటాయి. బోర్డులో గద్ద బొమ్మను నేను మెచ్చుకుంటూ ఉండగానే, వెనకనుంచి రెక్కల గాలి తగిలింది, చేతిలో ముద్ద లేదు. గద్ద కోడిపిల్లను తన్నుకుపోయినట్లని చిన్నప్పట్నుంచీ అనడమే గాని అనుభవం అప్పుడే. ఖాళీ చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డ నన్ను చూసి మా ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చే దాకా, పక్కన కూర్చున్న వాళ్లు తిరిగి చూసి వాళ్లూ నవ్వే దాకా నవ్వింది. ఆరేళ్లుగా మా ఇంట్లో అందరం గొంతు తగ్గించి మాట్లాడేవాళ్లం. ఆ నవ్వు వినడానికి ఎంత టిక్కెట్టు పెట్టినా దండగ కాదు.

సాయంత్రం నేను షిరాసు అన్నం తిన్నాను. మన నెత్తళ్ల జాతి పిల్లలవి, పారదర్శకంగా, వేలి గోరంత ఉంటాయి. జనవరి నుంచి మార్చి 10 దాకా వాటి వేట అక్కడ నిషేధం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు నిషేధం ఉన్నట్లే. సముద్రానికి కూడా సెలవులు కావాలన్నది రెండు దేశాలూ ఒప్పుకున్న సంగతి.

చివరి రోజు ఎనోషిమా. వంతెన మీద నడిచి వెళ్లేంత దగ్గరి దీవి. గుడి కొండ మీద. 1959లోనే అక్కడ టిక్కెట్టు మీద ఎక్కే ఎస్కలేటర్లు పెట్టారు. మా ఆవిడ మోకాలి కోసం అరవై అయిదేళ్ల ముందే ఏర్పాటు చేసినట్లున్నారు. పైన ఉన్న దేవత బెంజైటెన్. ఈమె మన సరస్వతే. బౌద్ధంతో పాటు చైనా మీదుగా జపాను చేరింది. వీణ బదులు బివా అనే వాద్యం, నదికి బదులు సముద్రం. అదే మందిరంలో ఎనిమిది చేతుల రూపం కూడా ఉంది. మా ఆవిడ చెప్పులు విప్పబోయి, అక్కడ అది పద్ధతి కాదని చూసి, విప్పకుండానే దణ్ణం పెట్టుకుంది. ఏం కోరుకున్నావని నేనడగలేదు. ఆ రాత్రి యోకొహామాలో తెల్లారి ఏడున్నర దాకా నిద్రపోయింది. అబ్బాయి కాఫీ కలిపి కప్పు మూత పెట్టి ఉంచాడు.

పాఠకులకు ఒక మాట

వెళ్లదలుచుకున్న వాళ్లకు నాలుగు సూచనలు. పూల తేదీ ఏటా మారుతుంది. ఏప్రిల్ మొదటి వారం పెట్టుకుంటే సాధారణంగా కొంతైనా దక్కుతుంది. శాకాహారులు జపానీలో రాసిన కార్డు దగ్గర ఉంచుకోవాలి, దాషి మాట అందులో తప్పక ఉండాలి. ఒకటి రెండు ఊళ్లకే పరిమితమైతే ఖర్చూ తగ్గుతుంది, కాళ్లూ నిలుస్తాయి. సముద్రం ఒడ్డున తినేటప్పుడు వీపు గోడకు ఆనించి కూర్చోవాలి.

ఇంకొకటి సూచన కాదు, మనవి. మన ఇళ్లలో మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే మనిషి ఒకరు ఉంటారు. తరచుగా కోడలో, కూతురో. కర్మకాండ అయ్యాక వచ్చిన చుట్టాలు వెళ్లిపోతారు, మిగతా వాళ్లం ఉద్యోగాల్లో పడతాం. ఆ మనిషి చెవి మాత్రం రాత్రిపూట ఇంకా తలుపు వైపే ఉంటుంది. వాళ్లను ఎక్కడికైనా తీసుకెళ్లి, చూడాల్సినవేవీ పెట్టకుండా, ఊరికే కూర్చోనివ్వండి. అందుకు జపానే అక్కర్లేదు. మా ఊరికి గోపాలపూర్ పదహారు కిలోమీటర్లు. నెలకో ఆదివారం మేమిద్దరం అన్నం డబ్బా పట్టుకుని అక్కడికి వెళ్తున్నాం. అక్కడ కాకులున్నాయి గాని, ఇంతవరకు మర్యాదగానే ఉన్నాయి.